రెండో రాత్రి చచ్చే చేపపిల్లకి యూవీ మెషీన్ ఏం చేస్తుంది?

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది కైకలూరు దగ్గర చిన్న చేపపిల్లల హేచరీ. తల్లి చేపలు గుడ్డు పెట్టే బ్రీడింగ్ పూల్ ఒకటి, గుడ్లు పొదిగే హేచింగ్ పూల్స్ రెండు ఉన్నాయి, ఎక్కువగా శీలావతి, కొంచెం బొచ్చె తీస్తాం. బోరు నీళ్ళూ కాలవ నీళ్ళూ 60,000 లీటర్ల సంపులో కలిపి సాయంత్రం 5 కేజీల బ్లీచింగ్ కలుపుతాం, పొద్దున్నే ఓవర్‌హెడ్ ట్యాంకుకి ఎక్కించేస్తాం. కరెంటు బిల్లు తట్టుకోలేక పోయినేడు నుంచి హేచింగ్ పూల్ లోంచి బయటికి పోయే నీళ్ళని మళ్ళీ అదే సంపులోకి తిప్పుకుంటున్నాం. గుడ్డు బాగానే పగులుతోంది, కానీ పగిలిన రెండో రాత్రి పిల్ల తెల్లబడి అడుక్కి పడిపోతోంది, ఒక్కోసారి సగానికి సగం పోతోంది. గుడ్ల మీద గోధుమరంగు పొర కూడా కనపడుతోంది. నీళ్ళల్లో క్రిముల్ని చంపే యూవీ, ఓజోన్ సెట్టు పెట్టించుకోమని ఒకాయన నాలుగు లక్షలకి కొటేషన్ ఇచ్చాడు, పక్క హేచరీ ఆయనేమో బ్లీచింగ్ డబుల్ చెయ్యమంటున్నాడు, మందుల షాపులో యాంటీబయాటిక్ పౌడర్ చేతిలో పెట్టారు. నా వయసు 26, ఈ సీజన్ కూడా పోతే మా నాన్న హేచరీ మూసేద్దాం అంటున్నారు. ఏది చెయ్యమంటారు?

సమాధానం: తమ్ముడూ, వయసు రాశావు కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమనుకోకు. ముందు ఆ నాలుగు లక్షల సంగతి తేల్చేద్దాం, ఇప్పుడు ఇవ్వకు. బ్లీచింగ్ డబుల్ చెయ్యకు. ఆ పౌడర్ డబ్బా షాపులో వెనక్కి ఇచ్చెయ్యి, తీసుకోకపోతే పక్కన పడెయ్యి గానీ నీళ్ళల్లో మాత్రం వెయ్యకు. యూవీ పనికిరాని వస్తువని నేను అనట్లేదు, దాని సంగతి కింద చెప్తాను, కానీ నీ హేచరీలో పిల్లని చంపుతున్నది కాలవలోంచి వచ్చే పురుగో బ్యాక్టీరియానో అని నాకు అనిపించట్లేదు, నువ్వు రాసిన దాన్నిబట్టి అది నీ సంపులోనే తయారవుతోంది.

ఎందుకు అలా అంటున్నానంటే, హేచరీలో చావు ఏ టైములో వచ్చిందనేది సగం కథ చెప్పేస్తుంది. గుడ్డు పెట్టిన మూడు నాలుగు గంటల్లోనే పాలలాగా తెల్లబడిపోతే అది చాలావరకు ఫలదీకరణ కాని గుడ్డు, అక్కడ తల్లి చేపల్నీ ఇంజక్షన్ టైమునీ చూసుకోవాలి, నీళ్ళకి మందు వేసి లాభం లేదు. పిల్ల పొట్టలో గాలి బుడగ చేరి పైకి తేలిపోతుంటే నీళ్ళల్లో గ్యాసు ఎక్కువైనట్టు. తెల్లవారుజామున మాత్రమే పోతుంటే ఆక్సిజన్, లేకపోతే రాత్రి కరెంటు పోయి జనరేటర్ వేసే లోపు ఆగిపోయిన పది నిమిషాలు. నీకు గుడ్డు బాగా పగులుతోంది అంటే, 28 డిగ్రీల దగ్గర ఆ 14 నుంచి 18 గంటలూ లోపలికొచ్చే నీళ్ళు పర్వాలేదన్నమాట. గుడ్డులో ఉన్నంతసేపు పొర కొంత కాపాడింది కూడా అనుకో. పగిలాక మర్నాడు రాత్రికి పోతోంది, అంటే మొదటి రోజు లేనిది ఏదో రెండో రోజుకి నీళ్ళల్లో చేరింది. నువ్వు తిప్పి వాడుకుంటున్న నీళ్ళు సరిగ్గా అప్పటికే సంపంతా కలుస్తాయి.

ఇప్పుడు ఆ సంపులో ఏం జరుగుతోందో చూడు. గుడ్డు పగలగానే లక్షల గుడ్ల పొరలు, పగలని గుడ్లు, చచ్చిన పిల్ల, ఇవన్నీ కుళ్ళడం మొదలెడతాయి, పిల్ల కూడా విసర్జిస్తుంది, వీటన్నిటి నుంచి అమ్మోనియా వస్తుంది. ఆ నీళ్ళు సంపులోకి వచ్చాయి, అక్కడ బ్లీచింగ్ ఉంది. క్లోరిన్ అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్ అవుతుంది. మామూలు క్లోరిన్ ఎండకీ గాలికీ ఎగిరిపోతుంది, ఇది అంత తొందరగా పోదు, వాసన కూడా పెద్దగా రాదు, నీళ్ళు చూస్తే తేటగా ఉంటాయి, చేప మొప్పలు మాత్రం కాలిపోతాయి. అప్పుడే పగిలిన పిల్లకి మొప్పలు ఇంకా సరిగా ఏర్పడను కూడా ఏర్పడవు, చర్మంతోనే ఊపిరి తీసుకుంటుంది, దానికి అందరికంటే ముందు తగులుతుంది. నువ్వు క్లోరిన్ చూసే కిట్టు ఫ్రీ క్లోరిన్ ఒక్కటే చూపించేది అయితే అది సున్నా చూపిస్తుంది, నువ్వు నీళ్ళు బావున్నాయనుకుని వదిలేస్తావు. టోటల్ క్లోరిన్ చూపించే కిట్టు తెచ్చుకో, తేడా తెలిసిపోతుంది. పక్కాయన మాట విని బ్లీచింగ్ డబుల్ చేస్తే ఏమవుతుందో ఇక నేను చెప్పక్కర్లేదు.

క్లోరిన్‌తో కలవకుండా మిగిలిన అమ్మోనియా సంగతి వేరే. దాని విషం పీహెచ్ మీద ఉంటుంది. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషం భాగం వందకి 1 కూడా ఉండదు, 8 ఉంటే ఆరో ఏడో ఉంటుంది, 8.5 కి పోయిందంటే దగ్గర దగ్గర 18. మన కాలవ నీళ్ళు మధ్యాహ్నానికి నాచుపట్టి పీహెచ్ ఎక్కే నీళ్ళు, అందుకని రిపోర్టులో అమ్మోనియా ఒక్కటే చూసి తృప్తి పడిపోకు, పక్కన పీహెచ్ ఎంతుందో కూడా చూడు. విషపు అమ్మోనియా లీటరుకి 0.02 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనం వాడే గుండ్రటి చైనా హేచరీ డిజైన్ అంతా నడిచేది ఒకే ఒక్క ఐడియా మీద, కొత్త నీళ్ళు ఆగకుండా లోపలికి రావాలి, పాత నీళ్ళు ఆగకుండా బయటికి పోవాలి. 1957 జులై 10న మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి గారు పిట్యూటరీ గ్రంథి ఇంజక్షన్‌తో శీలావతి లాంటి మన మేజర్ కార్పుల చేత గుడ్డు పెట్టించారు, అందుకే ఆ తారీఖున మత్స్య రైతుల దినోత్సవం చేస్తున్నాం, ఫ్లెక్సీలు కూడా కడుతున్నాం. గుడ్డు పెట్టించడం వచ్చేసినా చాలాకాలం వరకు చెరువుల్లో హాపాలు, అంటే గుడ్డ తొట్లు కట్టి పొదిగించడమే, నీళ్ళు కదలక, హాపా గుడ్డ మురికితో మూసుకుపోయి పిల్ల పోయేది. గుండ్రటి పూల్స్ వచ్చాకే పని కుదుటపడింది, దానికి కారణం పారే నీళ్ళు. నువ్వు కరెంటు బిల్లు కోసం ఆ పారే నీళ్ళకే ముడి వేసేశావు. నీ బాధ నాకు అర్థమైంది, మోటారు నడిపేవాడికే ఆ బిల్లు సంగతి తెలుస్తుంది, కానీ ముడి వేసే చోటు మాత్రం అది కాదు.

బయటికి పోయే నీళ్ళని పారబొయ్యక్కర్లేదు. వాటిని నర్సరీ చెరువులోకో తల్లి చేపల చెరువులోకో మళ్ళించు, అక్కడ ఆ మాత్రం అమ్మోనియాని చెరువు తినేస్తుంది, ఎలాగూ ఆ చెరువులకి నువ్వు విడిగా నీళ్ళు పెడుతూనే ఉంటావు కాబట్టి ఆ పంపింగ్ మిగులుతుంది. కాదు, నీళ్ళే లేవు, తిప్పి వాడక తప్పదు అంటే అప్పుడు బయోఫిల్టర్ కట్టాలి. అది అమ్మోనియాని తినే బ్యాక్టీరియా పెరిగే గులకరాళ్ళో ప్లాస్టిక్ మీడియానో వేసిన తొట్టి. అది కట్టగానే పని చెయ్యదు, బ్యాక్టీరియా కుదురుకోడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, అంటే జూన్‌లో బ్రీడింగ్ మొదలెట్టేవాడు ఏప్రిల్‌లోనే దాన్ని నడపడం మొదలెట్టాలి, ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కి దాదాపు 7 గ్రాముల ఆల్కలినిటీ (నీళ్ళల్లోని క్షారం), నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్ అది తినేస్తుంది, పైగా బ్లీచింగ్ నీళ్ళు ఒక్కసారి దాంట్లోకి పోయాయంటే ఆ బ్యాక్టీరియా అంతా చచ్చి మళ్ళీ మొదటికి వస్తావు. మూడు రోజుల పిల్లని పెంచే హేచరీకి ఇంత తలనెప్పి అవసరమా అంటే నా లెక్కలో అవసరం లేదు.

ఇక బ్లీచింగ్. 5 కేజీలు వేస్తున్నానన్నావు. మంచి పౌడర్ అయితే అందులో క్లోరిన్ 30 శాతం దాకా ఉంటుంది, అంటే 1,500 గ్రాముల క్లోరిన్ 60,000 లీటర్లలో, 25 పీపీయం (లీటరుకి 25 మిల్లీగ్రాములు) పడింది. 10 పీపీయం చాలు నీకు, అంటే 2 కేజీలు. అదీ నీళ్ళు తేటగా ఉంటేనే, బురదనీళ్ళల్లో ఎంత వేసినా బురదే తాగేస్తుంది. పౌడర్ సంచి విప్పేసి షెడ్డులో చెమ్మ తగిలేలా పడేస్తే క్లోరిన్ శాతం పడిపోతుంది, పోయినేటి సంచి ఈ ఏడాది వాడుతూ 2 కేజీలు వేశానులే అనుకుంటే అందులో ఉన్నది సున్నం ఎక్కువ, మందు తక్కువ. ఇంకోటి, క్లోరిన్ పని చేసేది పీహెచ్ తక్కువ ఉన్నప్పుడే, 7.5 దగ్గర సగం బలం ఉంటుంది, 8.5 కి పోతే పదో వంతే. అందుకని ఎండలో మధ్యాహ్నం వేసి మురిసిపోవద్దు. సాయంత్రం వేస్తున్నావు కదా, అది కరెక్టే, రాత్రంతా దాని పని అది చేస్తుంది. పొద్దున్నే ఎక్కించెయ్యడమే తప్పు. రాత్రి ఎండ లేదు, గాలి కొట్టట్లేదు, క్లోరిన్ ఎక్కడికి పోతుంది? మర్నాడు పగలంతా బ్లోయర్ వేసి ఎండకి వదిలెయ్యి, సాయంత్రం టెస్టు చెయ్యి, ఇంకా మిగిలుంటే హైపో (సోడియం థయోసల్ఫేట్) వెయ్యి. ఒక గ్రాము క్లోరిన్‌కి 7 గ్రాముల హైపో అని లెక్క పెట్టుకో. 2 పీపీయం మిగిలింది అనుకుంటే నీ సంపులో 120 గ్రాముల క్లోరిన్, దానికి 840 గ్రాములు. బకెట్ నీళ్ళల్లో కరిగించి నాలుగు మూలలా చల్లి బ్లోయర్ ఆన్‌లోనే ఉంచి గంట ఆగి మళ్ళీ టెస్టు చెయ్యి, సున్నా వచ్చాకే మోటార్ వెయ్యి. దీనికి ఒక సంపు సరిపోదని నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఒకటి తయారవుతుండగా ఇంకోటి వాడుకోవాలి, నాలుగు లక్షలు ఉంటే నేనైతే ముందు రెండో సంపు కట్టిస్తాను.

బ్లీచింగ్ కంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది, దాన్ని ఎవరూ చెప్పరు, ఎందుకంటే అందులో అమ్మడానికి ఏమీ లేదు. నీళ్ళు తేరాలి. కాలవ నీళ్ళు కనీసం ఒక రోజు ఒక చెరువులో నిలబడితే బరువైన మట్టి కిందకి పోతుంది. వానాకాలంలో ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు ఆ సన్న బంకమట్టి ఎన్ని రోజులున్నా దిగదు, అప్పుడు పటిక వేసుకోవాలి. ఎంత వెయ్యాలో పక్క హేచరీ వాణ్ణి అడక్కు, మీ బకెట్‌నే అడుగు. లీటరు నీళ్ళల్లో 10 గ్రాముల పటిక కరిగించి పెట్టుకో, 20 లీటర్ల బకెట్లు మూడు తీసుకుని ఒకదాంట్లో 20 మిల్లీలీటర్లు, రెండోదాంట్లో 40, మూడోదాంట్లో 60 పోసి బాగా తిప్పి అరగంట వదిలెయ్యి. అవి 10, 20, 30 పీపీయం అన్నమాట. ఏ బకెట్ ముందు తేటపడితే అదే నీ మోతాదు, 20 అని వస్తే నీ సంపుకి 1,200 గ్రాములు. పటిక ఆల్కలినిటీని కొంచెం తినేస్తుంది, 20 పీపీయం వేస్తే 10 దాకా తగ్గుతుంది, మన డెల్టా నీళ్ళల్లో ఆ మాత్రం తగ్గినా ఇబ్బంది ఉండదు గానీ ఆల్కలినిటీ 80 కంటే తక్కువుంటే మాత్రం ఆలోచించాలి.

తేరిన నీళ్ళు ఇసక ఫిల్టర్ లోంచి పోవాలి. ఇక్కడ చాలామంది దెబ్బతింటారు, పుస్తకంలో చూసి స్లో శాండ్ ఫిల్టర్ కట్టేస్తారు, అది చదరపు మీటరుకి గంటకి 100 నుంచి 300 లీటర్లే ఇస్తుంది, హేచింగ్ పూల్‌కి అది ఏ మూలకి? మోటార్ వెనకాల పెట్టే ప్రెషర్ ఫిల్టర్ అయితే చదరపు మీటరుకి గంటకి 5,000 నుంచి 15,000 లీటర్ల దాకా లాగుతుంది. కానీ దానికి బ్యాక్‌వాష్ చెయ్యాలి, అంటే నీళ్ళు వెనక్కి తోసి ఇసకని కడగాలి, రోజూ చెయ్యాలి, బురద రోజుల్లో రెండు సార్లు చెయ్యాలి. బ్యాక్‌వాష్ చెయ్యకుండా వదిలేసిన ఫిల్టర్‌లో ఇసక గడ్డకట్టి మధ్యలో దారులు పడతాయి, నీళ్ళు ఆ దారుల్లోంచి జారిపోతాయి, నువ్వు ఫిల్టర్ ఉందనుకుంటూ ఉంటావు. పైప్ చివర కట్టే నైలాన్ గుడ్డ కూడా అంతే, 60 మెష్ అంటే కన్నం దాదాపు 250 మైక్రాన్లు, పెద్ద సైక్లాప్స్ (నీళ్ళల్లో ఉండే సన్న పురుగులు) ఆగుతాయి గానీ వాటి పిల్లలు హాయిగా లోపలికి వచ్చేస్తాయి. గుడ్డని నమ్ముకుని ఇసకని వదిలెయ్యకు.

గోధుమరంగు పొర గురించి అడిగావు. అది బోరులోని ఇనుము, నూటికి తొంభై పాళ్ళు. బోరు నీళ్ళు ఒక తెల్ల బకెట్‌లో పట్టి రాత్రంతా వదిలెయ్యి, పొద్దున్నకి అడుగున తుప్పు రంగు దిగితే ఇక అనుమానం అక్కర్లేదు. భూమిలోపల ఇనుము కరిగి ఉంటుంది, గాలి తగలగానే తుప్పులాగా విడిపోతుంది, గుడ్డు మీద అంటుకుంటే గుడ్డుకి ఊపిరాడదు, మొప్పల్లో చేరితే పిల్లకి ఊపిరాడదు. నీ దగ్గర ఇంకా తిరకాసు ఏంటంటే బోరు నీళ్ళు నేరుగా బ్లీచింగ్ సంపులోకి వస్తున్నాయి, క్లోరిన్ ఆ ఇనుముని టక్కున విడగొడుతుంది, అది దిగే టైము ఇవ్వకుండా పొద్దున్నే ట్యాంకు ఎక్కించేస్తున్నావు. కాబట్టి బోరు నీళ్ళకి విడిగా ఒక మెట్ల టవర్ పెట్టు, పెద్ద ఖర్చేం కాదు, కన్నాలు పెట్టిన ట్రేలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి అడుగు ఎడంతో పెట్టి పైనుంచి నీళ్ళు జల్లులాగా పడేటట్టు చెయ్యి. ఇనుము విడిపోతుంది, బోరు నీళ్ళల్లో ఉండే కార్బన్ డయాక్సైడ్ పోతుంది, కుళ్ళు గుడ్డు వాసన ఉంటే అదీ పోతుంది, ఆక్సిజన్ ఎక్కుతుంది. తర్వాత తొట్టిలో నిలబెట్టి, ఇసక ఫిల్టర్ దాటించి అప్పుడు సంపులోకి వదులు. ఇనుము లీటరుకి 0.1 మిల్లీగ్రాముకి దగ్గర్లో ఉంటే హాయి, 0.3 దాటితే ఊరుకోవద్దు. మీ వైపు బోర్లు చాలావాటికి ఉప్పు కూడా ఉంటుంది కదా, ఎండాకాలం చివర్లో ఇంకా పెరుగుతుంది, దాన్ని మాత్రం ఏ టవరూ తియ్యదు, కాలవ నీళ్ళు కలిపి తగ్గించుకోవడమే.

బుడగల గురించి నువ్వు రాయలేదు గానీ ఇది కూడా చూసుకో. మోటార్ సక్షన్ పైపుకి ఎక్కడైనా సన్నటి లీకు ఉంటే అది నీళ్ళతోపాటు గాలిని పీల్చి ప్రెషర్‌లో నీళ్ళల్లో కలిపేస్తుంది, అలా కలిసిన నైట్రోజన్ పిల్ల ఒంట్లో బుడగలు కడుతుంది. డెలివరీలో నీళ్ళు పాలలాగా తెల్లగా వచ్చి గ్లాసులో పట్టాక కింద నుంచి పైకి తేటపడుతున్నాయంటే జాయింట్లు చూడు. ఆ మెట్ల టవరే దీనికీ మందు, ఎక్కువైన గ్యాసు అక్కడే వదిలేస్తుంది.

కాలవ విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తాను. ఎండాకాలం కట్టేసిన కాలవ మళ్ళీ వదిలినప్పుడు వచ్చే మొదటి నీళ్ళు పట్టుకోవద్దు, ఎంత అవసరమున్నా పట్టుకోవద్దు. మూణ్ణెల్ల చెత్త, డ్రెయిన్ నీళ్ళు, గట్ల మీద కొట్టిన కలుపుమందు, ఊళ్ళ మురుగు అన్నీ కడుక్కుని వస్తాయి. మన సీజన్ సరిగ్గా అప్పుడే మొదలవుతుంది, అదే మన కర్మ. పురుగుమందు బ్లీచింగ్‌తో పోదు, యూవీతో పోదు, ఇసకతో పోదు. కొబ్బరి చిప్పల యాక్టివేటెడ్ కార్బన్ కొంతవరకు పడుతుంది, మిగిలిన క్లోరిన్‌ని కూడా పట్టేస్తుంది, కానీ అది నిండిపోయాక ఇంకేం పట్టదు, మార్చాల్సిందే, నిండిందని బయటికి తెలియదు కూడా. అందుకని అనుమానం ఉన్న రోజున సంపు నీళ్ళల్లో పాత బ్యాచ్ స్పాన్ (లేత చేపపిల్ల) ఒక చెంచాడు మగ్గులో వేసి 24 గంటలు చూడు, అవి బతికితేనే తల్లి చేపలకి ఇంజక్షన్ చెయ్యి. లాబ్ రిపోర్టు కంటే ఆ మగ్గు ముందు చెప్తుంది.

ఇప్పుడు యూవీకి వద్దాం. 254 నానోమీటర్ల కిరణం నీళ్ళల్లోంచి పోయి సూక్ష్మజీవికి తగిలితేనే పని, మట్టి రేణువు అడ్డమొస్తే దాని నీడలో బ్యాక్టీరియా హాయిగా దాటిపోతుంది. నీ నీళ్ళు ఇప్పుడు ఉన్న స్థితిలో యూవీ పెడితే పిల్ల చావు తగ్గదు, కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది. దీపం కాలుతూనే ఉంటుంది కానీ దాదాపు 9,000 గంటలయ్యాక బలం పోతుంది, లోపలి క్వార్ట్జ్ గొట్టం మీద ఇనుము, సున్నం పేరుకుంటుంది, తుడవాలి. భీమిలి, ఉప్పాడ వైపు రొయ్య హేచరీల్లో యూవీ, ఓజోన్ చూసి అందరూ అదే కావాలనుకుంటున్నారు. వాళ్ళ లెక్క వేరు, ఖరీదైన తల్లి రొయ్యలు, సముద్రం నీళ్ళు, వారాల తరబడి పెంపకం, తెల్లమచ్చ వైరస్ భయం. అక్కడ అది ఖర్చుకి తగ్గ పనే. ఓజోన్ అయితే ఇంకా జాగ్రత్త, అది నీళ్ళల్లో కొంచెం మిగిలి పిల్ల దగ్గరికి పోయినా క్లోరిన్ లాగే చంపుతుంది, దాన్ని కొలిచే మీటరూ తీసే ఏర్పాటూ లేకుండా ఉత్త మెషీన్ అమ్మేవాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టు. రెండేళ్ళు పోయాక నీ నీళ్ళు తేటగా ఉండి, ఇనుము తగ్గి, అప్పటికీ బ్యాక్టీరియా రిపోర్టులో ఇబ్బంది ఉంటే యూవీ పెట్టుకో, నేనే ఏది కొనాలో చెప్తాను.

అసలు నీళ్ళల్లో ఒక్క క్రిమి కూడా ఉండకూడదు అనే ఆలోచనే నాకు నచ్చదు. గట్టిగా క్లోరిన్ వేసి అన్నిటినీ చంపేశావనుకో, చచ్చినవన్నీ ఆ నీళ్ళల్లోనే తిండిగా ఉన్నాయి, పోటీ లేదు, అప్పుడు ముందుగా పెరిగేవి మనకి చెడ్డవే, ఏరోమోనాస్ లాంటివి, అవి గంటల్లో రెట్టింపవుతాయి. నెమ్మదిగా పెరిగే మంచి బ్యాక్టీరియా వెనకబడిపోతుంది. ఖాళీ చేసిన పొలంలో ముందు కలుపే లేస్తుంది కదా, అదే ఇక్కడా. అందుకే క్లోరిన్ తీసేసిన నీళ్ళని మూడు నాలుగు రోజులు సంపులో ఊరబెట్టకు, తయారైన వెంటనే వాడు, లేదా నిత్యం నడుస్తున్న ఇసక ఫిల్టర్ లోంచి తిప్పుతూ ఉంచు, ఆ ఇసకకి పట్టిన మంచి బ్యాక్టీరియా నీళ్ళని కుదురుగా ఉంచుతుంది.

పూల్ లోపలి పని కూడా సగం నీళ్ళ వైద్యమే. గుడ్డు పగిలే టైములో పిల్ల లేతగా ఉంటుందని తిరుగుడు తగ్గిస్తారు, అది సరే, కానీ పగలడం అయిపోయాక మళ్ళీ పెంచడం మర్చిపోతారు, రాత్రి కాపలా ఉన్న కుర్రాడు నిద్రలో ఉంటాడు, మధ్యలో ఉన్న జాలీకి గుడ్డు పొరలు అతుక్కుని మూసుకుపోతుంది, నీళ్ళు మార్పిడి సగం అయిపోతుంది. 28 డిగ్రీల నీళ్ళు ఎంత గాలి కొట్టినా లీటరుకి 7.8 మిల్లీగ్రాముల ఆక్సిజనే పట్టుకుంటాయి, పిల్లకి 5 కంటే తగ్గకూడదు, అంటే మనకి ఉన్న వెసులుబాటు మూడు కూడా లేదు. పగిలిన మొదటి రాత్రీ రెండో రాత్రీ గంటకోసారి మెత్తటి బ్రష్‌తో జాలీ తుడవాలి, ఆ కుర్రాడికి ఇంకో 200 ఎక్కువిచ్చి అయినా తుడిపించు. పూల్‌లో గుడ్లు కుక్కెయ్యకు, ఘనపు మీటరుకి 7 నుంచి 10 లక్షలు అనేది పై హద్దు, 3 మీటర్ల వెడల్పు ఉన్న గుండ్రటి పూల్‌లో మీటరు లోతు నీళ్ళకి దాదాపు 7 ఘనపు మీటర్లే వస్తాయి, ఆ లెక్కన చూసుకో.

గుడ్ల మీద దూదిలాంటి బూజు ఎప్పుడైనా కనపడితే అది ముందు చచ్చిన గుడ్డు మీద మొదలై పక్కదానికి పాకుతుంది, కాబట్టి చచ్చినవి పోగుపడకుండా చూసుకోవడమే పెద్ద మందు. మాలకైట్ గ్రీన్ వాడమని పాతవాళ్ళు చెప్తారు, తినే చేపలకి అది నిషేధం, వాడొద్దు. నీకిచ్చిన పౌడర్ పేరు రాయలేదు, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల జాతి అయితే అది కూడా నిషేధమే. నిషేధం లేనిది అయినా సరే, అమ్మోనియాకీ క్లోరమైన్‌కీ యాంటీబయాటిక్ ఏం చేస్తుంది చెప్పు.

ఈ సీజన్‌కి టైము తక్కువ ఉంది కాబట్టి వరస ఇలా పెట్టుకో. రేపే తిరుగు పైపు కట్ చేసి నర్సరీ చెరువుకి మళ్ళించు, దీనికి ఒక బెండు, పది అడుగుల పైపు చాలు. బ్లీచింగ్ 2 కేజీలకి దించి ఒక పగలు ఎండబెట్టు, రెండో సంపు కట్టే వరకు ఒక టార్పాలిన్ తొట్టి అయినా వేసుకో. ఆ వారంలోనే బోరుకి ట్రేల టవర్. ఒక బ్యాచ్ చిన్నగా తీసి చూడు, ఒక పూల్‌కి మాత్రమే, రెండో రాత్రి దాటిందా లేదా తెలిసిపోతుంది. ఈలోగా నీళ్ళు టెస్టుకి పంపు, ఉండి పరిశోధనా కేంద్రం నీకు దగ్గర, విజయవాడలో సీఫా (మంచినీటి చేపల పరిశోధన సంస్థ) ప్రాంతీయ కేంద్రం ఉంది, కాకినాడలో సిఫ్ట్ (రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ) ఉంది, మీ మత్స్యశాఖ ఆఫీసులో అడిగితే ఎక్కడ తొందరగా అవుతుందో చెప్తారు. బోరు నీళ్ళు పట్టే ముందు మోటార్ పావుగంట నడవనియ్యి, సీసా అంచుల దాకా నింపి గాలి లేకుండా మూత పెట్టి ఐస్ బాక్సులో పెట్టు. సంపు నీళ్ళు ఒక సీసా, రెండో రోజు రాత్రి పూల్ లోపలి నీళ్ళు ఇంకో సీసా, విడివిడిగా పట్టు. పీహెచ్, ఆల్కలినిటీ, గట్టిదనం (హార్డ్‌నెస్), ఇనుము, అమ్మోనియా, నైట్రైట్ అడుగు. ఆక్సిజన్, టోటల్ క్లోరిన్ మాత్రం సీసాలో పంపితే తప్పు చూపిస్తాయి, అవి పూల్ పక్కనే కిట్టుతో చూసుకో, రాత్రి రెండింటికీ తెల్లవారుజామున అయిదింటికీ చూడు.

రిపోర్టు వచ్చాక అంకెలన్నీ రాసి పంపు, ఆ పౌడర్ డబ్బా మీద పేరు కూడా రాయి. కొటేషన్ ఇచ్చినాయనకి ఈ ఏడాది వద్దని చెప్పెయ్, సీజన్ అయ్యాక ఎలాగూ రేటు తగ్గించుకుని మళ్ళీ వస్తాడు.